ఆమె లేదనుకుని జరిపిన సమావేశం

ఉదయం పదకొండూ పదికి టీ వచ్చింది. నాచారంలోని పిల్లల కేంద్రంలో బోర్డు సభ్యులు, టీచర్లు గ్లాసులు అందుకున్నాక, శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన నా భార్య కుర్చీని గోడ పక్కకు జరిపాడు.

"మేడమ్, ఇప్పుడు మీరు లేరనుకుందాం. సంస్థ ఎలా నడవాలో వీళ్ళు తేలుస్తారు. మీరు మాట్లాడకూడదు."

ఫ్యాక్టరీ పనికి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున పిల్లల్ని అక్కడ వదిలి, షిఫ్టు అయ్యాక తీసుకుపోయేవారు. నా భార్య పెట్టిన కేంద్రం అది. రిజిస్ట్రేషన్‌కు సభ్యులు కావాలంటే తమ్ముణ్ణి అధ్యక్షుణ్ణి చేసి, మరదల్ని, పిన్ని కొడుకుల్ని, ఉప్పల్‌లో పాత పొరుగువాళ్ళను బోర్డులో రాసుకుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉంటే బాగుండదని నన్ను అందులో చేర్చలేదు. ఏళ్ళ తరబడి వాళ్ళు ఆమె చూపిన చోట సంతకం పెట్టి, భోంచేసి వెళ్ళేవారు. విరాళమిచ్చేవాళ్ళు బోర్డు బలపడాలన్నారు. ఈ శిక్షణ ఆమే ఏర్పాటు చేసింది.

ముందుగా ఒక టీచర్, జ్వరమున్న పిల్లల్ని తీసుకోవద్దంది. వెనక్కి పంపితే తల్లికి ఆ రోజు పని పోతుందని నా భార్య అలాంటి పిల్లల్ని తన గదిలో పడుకోబెట్టుకునేది. ఆ మాట చెప్పబోయి ఆమె చెయ్యి ఎత్తింది.

"సచ్చినోళ్ళు చెయ్యి లేపరక్కా," అన్నాడు తమ్ముడు. "జర సప్పుడు చెయ్యకుండ పండు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"దినాల నాడు అన్నమన్న మంచిగ పెట్టుండ్రి," అంది.

భోజనాల వేళకు చాలా నిర్ణయాలు అయిపోయాయి. ఇంత చక్కగా ఆలోచించే బోర్డును తాను చూడలేదని శిక్షకుడు మెచ్చుకున్నాడు. తమ్ముడు ఆ మాట నమ్మాడు.

తర్వాతి నెల బోర్డు మొదటిసారి తనంతట తాను సమావేశమైంది, ఉప్పల్‌లో తమ్ముడి ఇంట్లో. కేంద్రం బాధ్యత మరదలికి ఇచ్చి, నా భార్యను సలహాదారును చేశారు.

"ఇగ నువ్వు ఆరాం తీస్కో అక్కా. అడిగినప్పుడు చెప్తే సాలు."

ఎవరూ అడగలేదు.

అయినా ఆమె రోజూ వెళ్ళింది. ఒకనాడు ఒళ్ళు కాలుతున్న బిడ్డతో వచ్చిన తల్లిని టీచర్ గుమ్మంలోంచే పంపేస్తుంటే అడ్డుపడింది.

"రూల్ మేడమ్. మీ ముందలనే పెట్టుకున్నం గదా," అంది టీచర్, మర్యాదగానే.

నా భార్య ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ, "మంచిగనే నేర్పిండు ఆయన," అంది. మళ్ళీ అటు వెళ్ళలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఆమె చనిపోయింది. చితి ఇంకా మండుతుండగా తమ్ముడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఫికర్ చెయ్యకు బావా. అక్క లేకపోయినా సెంటర్ ఒక్క దినం బంద్ గాలే. ఇయ్యాల గూడ నడుస్తుంది."

ఓదార్చడానికే అన్నాడు. అది నిజం కూడా.

సంవత్సరీకం దాకా వాళ్ళను పిలిచాను. ఇప్పుడు ఆమె తద్దినానికి వాళ్ళనెవరినీ పిలవడం లేదు.