డోర్కస్ చదివిన మూడో సంపుటం

డోర్కస్ టిబ్బెట్‌ను మా ఊళ్ళో అందరూ మంచిదనేవాళ్ళు. మా అమ్మ కూడా అనేది. "మంచిదే, కానీ ఎన్నాళ్ళని ఆ ఇంట్లో ఉంటుంది?" అనేది. ఎవరినైనా మెచ్చుకున్నాక వెనకాలే ఒక 'కానీ' తగిలించకపోతే మా అమ్మకు ఆ పూట రొట్టె పొంగదు.

మాది ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక సంత ఊరు. సంతవీధిలో మా రొట్టెల కొట్టు, దాన్ని ఆనుకుని ఎనక్ గార్సైడ్ పుస్తకాల కొట్టు. ఎనక్ పుస్తకాలు బైండు చేసేవాడు, నవలలు అద్దెకిచ్చేవాడు. అతని భార్య రూత్ రెండో కాన్పులో పోయింది. పసిగుడ్డునీ, మూడేళ్ళ పెద్దపిల్లనీ చూసుకోవడానికి రూత్ చెల్లెలు డోర్కస్ వచ్చింది. ఆరు నెలలుండి వెళ్ళిపోతానంది. పదకొండేళ్ళయినా ఆ ఆరు నెలలు పూర్తికాలేదు.

వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. గుడ్డివాడికైనా తెలిసిపోయే సంగతే గానీ, వాళ్ళ నోట మాత్రం ఎన్నడూ వచ్చేది కాదు. ఎలా వస్తుంది? ఎవరు ఎవరిని పెళ్ళాడకూడదో ముప్పై వరసలు రాసిన పలక మా చర్చి గోడకు వేలాడుతుండేది. అందులో భార్య చెల్లెలు ఉంది. పెళ్ళితో మొగుడూ పెళ్ళాం ఒకే శరీరం అయిపోతారు గనక, పెళ్ళాం చెల్లెలు మొగుడికీ సొంత చెల్లెలేనట. భార్య పోయినా ఆ వరస పోదట. చట్టమూ అదే మాట. చెల్లెలు గనక ఒక కప్పు కింద ఉండవచ్చు, అతని చొక్కాలు ఉతకవచ్చు, అతని పిల్లల్ని పెంచవచ్చు. మనసు పడిందంటే మాత్రం మూట కట్టుకుని బయలుదేరాలి. ఈ లెక్క రాసినవాడెవడో గానీ వాడి చొక్కాలు వాడే ఉతుక్కోవాల్సింది.

గురువారం మధ్యాహ్నాలు పుస్తకాల కొట్టు వెనక గదిలో ఆడవాళ్ళం చేరి, బీదవాళ్ళకు చలికాలపు ఉన్ని లంగాలు కుట్టేవాళ్ళం. మేం కుడుతుంటే డోర్కస్ నవల చదివి వినిపించేది. ఆ రోజుల్లో నవలంటే మూడు సంపుటాలు ఉండాల్సిందే. నాకు పద్దెనిమిదేళ్ళప్పటి చలికాలం చదివిన నవలలో మారియన్ అనే పిల్ల, లోకం కాదన్నవాణ్ణి ప్రేమిస్తుంది. రెండో సంపుటం అయ్యేసరికి ఇల్లు విడిచి వానలో తడుస్తూ నిలబడి ఉంది.

"చస్తుంది," అంది మా అమ్మ దారం కొరుకుతూ. "జ్వరమో, క్షయో. ఇట్లాంటివాళ్ళకి మూడో సంపుటంలో అదే గతి."

"ఎందుకు చావాలండీ, మిసెస్ బాగ్‌షా?" అంది డోర్కస్.

"బతికితే ఆదివారం చర్చిలో ఎవరి పక్కన కూర్చుంటుందే తల్లీ? రాసేవాడు మాత్రం ఏం చేస్తాడు, పాపం! చంపేస్తే వాడికీ సుఖం, దానికీ సుఖం."

తర్వాతి గురువారాల్లో మూడో సంపుటం చదివింది. మారియన్‌కు జ్వరం వచ్చింది. మా అమ్మ నా వైపు 'చెప్పానా' అన్నట్టు చూసింది. కానీ పదోనాటికి జ్వరం దిగింది. మారియన్ లేచి కూర్చుని ఓట్స్ జావ అడిగింది. ఆ తర్వాత అతన్ని పెళ్ళాడి, రేవు పట్నంలో టోపీల కొట్టు పెట్టింది.

"జావ అడిగిందా!" అంటూ మా అమ్మ కుడుతున్న లంగాతోనే కళ్ళు తుడుచుకుంది. "అడిగితే బతికినట్టే!"

మరో వారానికి మా పాస్టరమ్మ, మిసెస్ ప్రిడో, ఆ మూడో సంపుటాన్ని ఇంటికి పట్టుకెళ్ళింది. గురువారం దాన్ని చేతపట్టుకుని వచ్చి గది మధ్యలో నిలబడింది.

"మారియన్ చచ్చిపోయింది," అంది. "రెండువందల ఎనభయ్యో పేజీలో. జావ లేదు, టోపీల కొట్టూ లేదు."

గదిలో సూదులు ఆగిపోయాయి. డోర్కస్ ముఖం ఎర్రబడింది.

"చచ్చిపోయిందండీ. నాకు చదవబుద్ధి కాలేదు."

"అయితే అబద్ధం చదివావన్నమాట."

"అవునండీ."

"ఎవరి కోసం చదివావో మాకు తెలీదనుకోకు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇక నీ అవసరం లేదు. యార్క్‌లో ఒక పెద్దావిడకి తోడు కావాలట, మావారు ఉత్తరం రాశారు. నెలాఖరుకి వెళ్ళావంటే నీ పేరూ దక్కుతుంది, మీ బావ పేరూ దక్కుతుంది."

అప్పుడు తలుపు దగ్గర ఎనక్ కనిపించాడు. చేతులకు బైండింగు జిగురు అంటుకునే ఉంది. జీవితంలో ఆ మనిషి పదిమంది ముందు గొంతెత్తి ఎరగడు.

"నువ్వు వెళ్తావా, డోర్కస్?"

"నువ్వు వెళ్ళమంటే వెళ్తాను."

"నేను అనను."

"అయితే నేనూ వెళ్ళను."

పదకొండేళ్ళ మౌనం అలా లంగాల మధ్య, పాస్టరమ్మ ఎదుటే తీరిపోయింది. మా అమ్మ నా జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "సిగ్గులేని మనుషులు!" అని వీధి పొడుగునా తిట్టింది. గుమ్మంలోకొచ్చాక, "ఆ జావ సంగతి మాత్రం బాగా అల్లిందే," అంది.

వాళ్ళు లండన్ వెళ్ళారు. అక్కడి పెద్ద చర్చిల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు, అభ్యంతరముంటే చెప్పమని, నలభై జంటల పేర్లు గబగబా చదివేస్తారు, ఎవరికి ఎవరు ఏమవుతారో అడిగే నాథుడుండడు. అక్కడ పెళ్ళాడారు. ఆ మూడు వారాలూ పిల్లల్ని చూసింది మా అమ్మే, తిడుతూనే.

చట్టం ముందు ఆ పెళ్ళి చిత్తుకాగితం. ఉంగరంతో తిరిగొచ్చిన డోర్కస్‌ను ఊరు 'మిస్ టిబ్బెట్' అనే పిలిచింది. ఆమె ప్రతిసారీ, "గార్సైడ్ అండీ," అని నెమ్మదిగా దిద్దేది. విసుక్కోగా నేను చూడలేదు. నవలలు అద్దెకు తీసుకునేవాళ్ళు సగానికి సగం మానేశారు. అయినా వాళ్ళిద్దరూ సుఖంగా బతికారు, అది నా కళ్ళారా చూశాను. ఆయన పుస్తకాలు కుడుతుంటే ఆమె చదివేది, ఇద్దరూ నవ్వుకునే నవ్వులు మా కొట్లోకి వినిపించేవి. ఇరవై ఎనిమిదేళ్ళు.

పద్దెనిమిదివందల తొంభై తొమ్మిది చలికాలంలో ఎనక్ ఊపిరితిత్తుల వాపుతో పోయాడు. అప్పటికి పెద్దపిల్ల బడిపంతులింట కోడలు. అంత్యక్రియల ముందురోజు వచ్చి డోర్కస్ చేతులు పట్టుకుంది.

"పిన్నీ, నువ్వు విధవరాలి నల్లముసుగు వేసుకొస్తే మా అత్తవారి ముందు నేను తలెత్తుకోలేను. పాస్టరుగారు కూడా ఒప్పుకోరు. అక్క మొగుడు పోతే వేసుకునే నలుపు చాలు పిన్నీ."

ఊరి మాట ఒక్కటీ వినని డోర్కస్, తను పెంచిన పిల్ల మాట విన్నది. ఆరువారాలు మామూలు నలుపు కట్టి, తీసి పెట్టెలో పెట్టేసింది. ఆ పెట్టె మూసినరోజు ఆమె ఏడ్చిన ఏడుపు నేనొక్కదాన్నే విన్నాను. ఆ పిల్లను నేనింకా క్షమించలేదు.

పంతొమ్మిదివందల ఏడు ఆగస్టులో పేపరు చదివి, చేతుల పిండి దులుపుకోకుండానే పక్కింటికి పరిగెత్తాను. డోర్కస్‌కు డెబ్భై ఒకటి.

"చట్టం మార్చారు! భార్య చెల్లెల్ని చేసుకోవచ్చట. ఇదివరకు చేసుకున్నవి కూడా చెల్లుతాయట!"

"ఇదివరకు చేసుకున్నవంటే... చేసుకున్న రోజు నుంచేనా, లెటీ?"

"ఆ రోజు నుంచే."

 డోర్కస్ లేచి బోనెట్ టోపీ పెట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని సంతవీధి దాటి బట్టల కొట్టుకు నడిచింది. విధవరాళ్ళు కట్టే నల్ల క్రేపు గుడ్డ తొమ్మిది గజాలు కొలవమంది.

కొట్లో కొత్త గుమాస్తా పాపం, గొంతు తగ్గించాడు. "అయ్యో, ఎవరు పోయారండీ?"

"మా ఆయన," అంది డోర్కస్.