సంతలో తెచ్చిన పెట్ట

నా చిన్నప్పుడు మా ఊరంతా వారం రోజులు కోడికూర తిన్నది. పండుగేమీ కాదు. వరుసగా రెండో ఏడు వాన మొహం చాటేసిన కరువు అది. సంగటి ముద్దకే కటకటగా ఉన్న ఇళ్ళలో ఆ వారం పొయ్యి మీద కూర ఉడికింది, వీధి వీధంతా మసాలా వాసన వేసింది. ఆ వారం అలా రావడానికి కారణం నేను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నన్ను నిలదీయగలిగిన వాళ్ళెవరూ ఇప్పుడు లేరు కనుక చెప్పడానికి ధైర్యం వచ్చిందేమో, అదీ నాకు తెలియదు.

మాది బెళుగుప్పకు పొద్దున నడక మొదలుపెడితే ఎండ ముదిరేలోగా చేరగలిగే పల్లె. తొలకరి పడగానే వజ్రపు రాళ్ళు వెతుక్కోవడానికి వజ్రకరూరు చేలకు పరుగెత్తే మగవాళ్ళు ఆ ఏడు అరుగు దిగలేదు. విత్తనానికి దాచిన చెనిక్కాయలను చాలామంది వేయించుకుని తినేశారు. ఇక గతిలేని వాళ్ళు మూటాముల్లె కట్టుకుని ఎక్కడో దూరాన కాలువ తవ్వే పనికి పోయేవాళ్ళు. అక్కడ ఎండలో మట్టి మోయడం ఒక కష్టమైతే, ఆ గుడిసెల్లో చంటిపిల్లలు నిలవకపోవడం ఇంకో కష్టం. పోయినప్పుడు ముగ్గురు, వచ్చినప్పుడు ఇద్దరు అన్న సంగతి ఊళ్ళో ఎవరూ గట్టిగా అనేవాళ్ళు కాదు.

మా గోడకు అవతల ఒక కొట్టంలో పక్కింటి అక్క ఉండేది. బావి తవ్వుతుండగా మట్టిపెళ్ళ విరిగిపడి ఆమె భర్త పోయాడు. ఆమెకు అప్పుడు ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. మూడేళ్ళ కూతురు, పన్నెండు పెట్టలు, ఒక పుంజు, అంతే ఆమె సంసారం. గుడ్లు ఇచ్చి సజ్జలో జొన్నలో తెచ్చుకునేది. మా అమ్మతో గోడ మీదుగా మాట్లాడుతూ ఎన్నోసార్లు అనేది: “ఈ కోళ్ళు ఉండేంతవరకు నేనా కాలవకు పోను చిన్నమ్మా. బిడ్డను ఆడికి ఎత్తకపోతే మల్లా ఎత్తక రాలేను.”

ఆమెది మంచి హస్తవాసి అని ఊళ్ళో పేరు. ఏ ఇంట్లో కోడిపిల్ల మెడ వాల్చినా ఆమె దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఆమె ఆముదంలో పసుపు కలిపి పూసేది, ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, దంచి రెండు చుక్కలు నోట్లో పిండేది, ఒక రాత్రి తన దగ్గర ఉంచుకుని పంపేది. చాలావరకు బతికేవి. ఆమె చెయ్యి తగిలితే, ఆమె గూట్లో ఒక పూట పడుకుంటే ఏ కోడైనా లేచి తిరుగుతుందని పిల్లలం మేమూ నమ్మేవాళ్ళం. “నా చేతిలో ఏముండాది, బతికేది బతుకుతాది” అని ఆమె నవ్వేది. అది ఆమె మంచితనం కొద్దీ అనే మాట అనుకున్నాను తప్ప నిజం చెబుతోందని అనుకోలేదు.

నాకు కోళ్ళ మీద ఆశ కలిగించింది కూడా ఆమే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక పెట్టపిల్లను, ఒక పుంజుపిల్లను చేతిలో పెట్టింది. తవుడు ఎంత తడిపి పెట్టాలో, నీళ్ళ పెంకు ఏ నీడలో ఉంచాలో, పేలు పట్టకుండా పొర్లడానికి బూడిద గుంట ఎలా తవ్వాలో అన్నీ దగ్గరుండి చూపించింది. నేనూ శ్రద్ధగానే పెంచాను. పుంజు ఎర్రగా, నిగనిగలాడుతూ ఎదిగింది. కానీ బడిలో పిల్లలు నన్ను వదిలేవాళ్ళు కాదు. “ఏం దొరా, రెండు కోళ్ళకూ గూడు చాల్తాండాదా?” అని నవ్వేవాళ్ళు. నాకూ ఒక మంద కావాలనిపించింది. అక్క మందలాంటిది.

అందుకని ఒక సంత రోజు పుంజును చంకన పెట్టుకుని పోయాను. ఒకాయన దగ్గర బలమైన నల్లపెట్ట ఉంది. రెక్కలు విప్పనీయకుండా చంక కింద అదిమిపెట్టి, “ఏం జూస్తావప్పా, దినామూ గుడ్డు పెట్టేది. ఇంట్లో జరాలు గాబట్టి ఇస్తాండా, లేకుంటే ఇస్తునా?” అన్నాడు. నా పుంజు ఇచ్చి దాన్ని తీసుకున్నాను. దాని కాలికి, సంతలో అమ్మే కోళ్ళకు కట్టే ఎర్ర దారం కట్టి ఉంది. ఊరి పొలిమేర చేరేసరికి అది తల వాల్చేసింది. రెక్కలు వదిలేసింది. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ఆయన రెక్కలెందుకు అంత గట్టిగా అదిమిపెట్టాడో అప్పుడు అర్థమైంది.

అప్పుడు చేయవలసిన పని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. కోళ్ళకు కొక్కెర తెగులు తగిలిన ఇంటివాళ్ళు వాకిలి ముందర ఖాళీ గంప బోర్లించి దాని మీద వేపమండ పెట్టాలి. అది చూసి మిగతా ఇళ్ళవాళ్ళు తమ కోళ్ళను బయటికి వదలరు. గంప బోర్లించకుండా దాచిన ఇంటికి ఊళ్ళో నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు. నేను గంప బోర్లించలేదు. బోర్లిస్తే పుంజును పోగొట్టుకున్న సంగతి నాయనకు తెలుస్తుంది, ఆయన చర్నాకోల తీస్తే ఎక్కడ తగులుతుందో చూసేవాడు కాదు. ఆయన మేత దొరుకుతుందని ఎద్దులను తోలుకుని తనకల్లు దిక్కుకు పోయాడు, రావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. పెట్టను పశువుల పాకలో దాచాను. అమ్మ చూసింది. “మీ నాయన వచ్చేలోపల బాగయితే సరి” అని తలుపు మూసింది.

మరుసటి రోజుకు దానికి పచ్చ విరేచనాలు పట్టుకున్నాయి. నాకు తెలిసిన మందు ఒక్కటే, అక్క గూడు. అడిగితే ఎక్కడిదంటుంది, గంప ఎందుకు బోర్లించలేదంటుంది. అందుకే అడగకుండా, సందె వేళ ఆమె కోళ్ళను మూసి నీళ్ళకు పోయిన సమయం చూసి గోడ దూకాను. గూటి బండ జరిపి నా పెట్టను లోపలికి తోశాను. పడుకున్న కోళ్ళు కొంచెం జరిగి దానికి చోటిచ్చాయి. తెల్లారకముందే వచ్చి తీసుకుపోతే సరిపోతుందనుకున్నాను. మంచి పని చేశాననే అనుకుంటూ నిద్రపోయాను.

నేను లేచేసరికి ఎండ పడింది. అక్క నల్లపెట్టను రెండు చేతులా పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది.

“ఏమప్పా, నీ పెట్ట దావ తప్పి మా గూట్లో చేరినట్టుండాది” అని నవ్వుతూనే మొదలుపెట్టి, దాని కళ్ళు చూసి ఆగిపోయింది. కాలి దారం కూడా చూసింది. సంత దారం ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిది కాదు. “ఎన్ని దినాలయ్యె దీనికిట్ల?” అంది మెల్లగా.

నేను చెప్పి ఉండవలసింది. అప్పటికింకా ఆమె తన కోళ్ళను వేరు చేసుకునేది, ఏ ఒకటి రెండైనా మిగిలేవేమో. నా వెనకాల అమ్మ వచ్చి నిలబడింది. నేను అన్నాను: “నిన్న బాగుండె. నీ గూట్లో పండుకొన్నాకనే ఇట్లయింది.”

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. కానీ అది ఎంత పనికొచ్చే మాటో అన్న వెంటనే తెలిసింది. అమ్మకు నిజం తెలుసు. ఒక్క క్షణం నా వైపు చూసింది. తరువాత గొంతు పెంచింది, వీధికి వినిపించేటట్టు: “గూట్లో తెగులు పెట్టుకొని గంప యాల బోర్లీలేదమ్మా? మా పిల్లోని కోడికి తగిలిస్తివి గదా!” అమ్మ మీద నెట్టడానికి ఇది రాయడం లేదు. తొలి మాట నాది. అమ్మ దాన్ని వీధిలోకి మోసింది, అంతే.

“నా కోళ్ళు బాగుండాయి చిన్నమ్మా, వచ్చి సూడు” అంది అక్క. అప్పటికి అవి బాగానే ఉన్నాయి. నాలుగో రోజు నుంచి ఒక్కొక్కటే మెడ తిప్పుకుని పడ్డాయి. ఆముదం, పసుపు, ఎర్రగడ్డ ఏదీ పనిచేయలేదు. ఆమె గంప బోర్లించింది, వేపమండ పెట్టింది, కానీ అప్పటికే ఊరంతా మా అమ్మ మాట విని ఉంది. గంప ఇప్పుడు బోర్లిస్తే ఏం లాభం, ముందే దాచింది కదా అన్నారు. వీధిలో కలిసి తిరిగిన కోళ్ళన్నిటికీ తగిలింది. చచ్చేలోగా కోసుకుని తినడం మా వాడుక. అలా వచ్చింది ఆ కూర వారం. నాయన తిరిగి వచ్చాక, పుంజు కూడా తెగులుకే పోయిందని అమ్మ చెప్పింది. అక్క ఇచ్చిన నా పెంపుడు పెట్టకు కూడా జబ్బు తగిలిందని ఆయన దాన్ని కోశాడు. ముక్క అడిగి వేయించుకున్నాను. రుచిగానే ఉంది.

ఆ వారం చివర ఆడవాళ్ళు చచ్చిన కోళ్ళను తెచ్చి అక్క కొట్టం ముందర పడేశారు. కూర తిన్న చేతులతోనే దుమ్మెత్తి పోశారు. మేలువీధి ముసలామె ఒకతె, తన మనవరాలి కోడిపిల్లలను మూడుసార్లు అక్క చేత బతికించుకున్న మనిషి, ముందుకు వచ్చింది.

“మంచి చెయ్యి అంటిమే తల్లీ! ఊరి కోళ్ళన్నీ మింగినాక సల్లబడిందా నీ చెయ్యి?”

“అవ్వా, నేను దాచిపెట్టలేదు. నా బిడ్డ మీద ఆన.”

“బిడ్డ మీద ఆన పెడ్తాండాది సూడండమ్మా! మొగుణ్ణి మింగింది సాలక బిడ్డ మీద పడింది.” ముసలామె నన్ను చెయ్యి పట్టి ముందుకు లాగింది. “రేయ్, చెప్పురా అందరికీ. నీ కోడి యాడ పండుకొనింది?”

“అక్క గూట్లో” అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే గొంతు తడబడలేదు. అక్క నన్ను చూసింది. ఎర్ర దారం సంగతి ఆమె ఆ నిమిషంలో చెప్పి ఉంటే నమ్మేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. గుంపు వెనకాల మా నాయన చర్నాకోలతో నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూసి, మళ్ళీ నన్ను చూసి, పాపను ఎత్తుకుని లోపలికి పోయి తలుపుతడిక వేసుకుంది. ఎవరో తడిక మీద చచ్చిన కోడిని విసిరారు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. అది గుర్తుంది.

తరువాత ఆమెకు నిప్పు ఇచ్చినవాళ్ళు లేరు. బావి దగ్గర అందరూ తోడుకున్నాకనే ఆమె వంతు. బదులు గింజలు అడిగితే గంప చూపించి నవ్వారు. పది రోజులు నిలబడింది. పదకొండో రోజు కాలువ పనికి మనుషులను తీసుకుపోయే మేస్త్రీ బండి వచ్చింది.

బండి ఎక్కబోయే ముందు ఆమె మా వాకిట్లోకి వచ్చింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా, కొట్టినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. చంకలో పాప మా దొడ్డి వైపు చూసి, వాళ్ళమ్మ పిలిచినట్టే “బో బో బో” అని కోళ్ళను పిలిచింది. దొడ్డిలో ఏమీ లేదు.

“మల్లా కోళ్ళు పెట్టుకుంటావులే” అంది అక్క. “కొత్తదాన్ని తెస్తే ఇంటివాటితో కలపగూడదప్పా. పది పదైదు దినాలు దూరంగా వేరే గంప కింద పెట్టల్ల. బాగుంటేనే కలపల్ల. అన్నీ చెప్పినా గానీ ఇదొక్కటి నీకు చెప్పలేదు నేను. మర్సిపోయినా.”

అంతే అంది. తప్పు తనదే అన్నట్టు చెప్పి పోయి బండి ఎక్కింది. ఆమె ఆ మాట నన్ను క్షమించి అన్నదో, జీవితాంతం గుర్తుండేటట్టు కొట్టాలని అన్నదో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. కాలువ పనికి పోయినవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు. పక్కింటామె కనిపించిందా అని అమ్మ అడిగింది. కనిపించింది, ఒక్కతే ఉంది, ఇంకా అవతలికి పోయే ముఠాలో చేరింది అన్నారు. ఒక్కతే అంటే ఏమిటని అమ్మ అడగలేదు. చేటలో గింజలు చెరుగుతూ ఉండిపోయింది. నేను పక్కనే ఉన్నాను, నేనూ అడగలేదు. ఆమె కొట్టం మరో రెండేళ్ళకు కూలిపోయింది. ఆమె మళ్ళీ ఊరికి రాలేదు.

నేను పెద్దవాణ్ణయ్యాక మళ్ళీ కోళ్ళు పెంచాను. ఇప్పటికీ పెంచుతున్నాను. కొత్త కోడి ఏది వచ్చినా పదిహేను రోజులు దొడ్డి చివర వేరే గంప కింద ఉంటుంది, ఎవరు ఎంత తొందరపెట్టినా ముందు కలపను. మా కోళ్ళకు తెగులు రాదని చుట్టుపక్కల పేరు. కొత్తగా కోళ్ళు పెట్టుకునే పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఈ సంగతి చెబితే శ్రద్ధగా వింటారు. “ఇదంతా ఎవరు నేర్పినారు తాతా?” అని అడుగుతారు. అనుభవమప్పా అంటాను. మా పక్కింటి అక్క నేర్పింది అని ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు. చెబితే, ఆ పిల్లలు మంచివాళ్ళు, తప్పకుండా అడుగుతారు: ఆ అక్క ఇప్పుడు యాడుండాది తాతా?