రెండో నంబరు కంప్యూటర్‌కు అన్నీ గుర్తే

ఇది ఒక మహాగాథ. రాష్ట్రం రెండుగా చీలుతున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ నడిబొడ్డున, రెండు కుటుంబాలు గుండెల్లో దాచుకున్న రహస్యాలను ఒక యంత్రం బట్టబయలు చేసిన వైనం. ఇలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని నిన్నటి నుంచీ అనుకుంటున్నాను గానీ, నిజానికిది ఒక బ్రౌజర్ సంగతి. అదీ నెట్ సెంటర్లో బ్రౌజర్. మహాగాథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడే లేచి వెళ్లొచ్చు, నేనేమీ అనుకోను.

నిన్న ఆఫీసులో పక్క సీటాయన పోరు పడలేక ఫోన్‌లో కొత్త బ్రౌజర్ వేద్దామని కూర్చున్నాను. పాతదానికంటే వేగమట, పైగా మన గుట్టు ఎవరికీ చెప్పదట. ఆ రెండూ ఒకే చోట దొరుకుతాయంటే నాకు నమ్మకం కుదరదు. నలభై నిండనివాడికి జ్ఞాపకాలేమిటని పెద్దలు నవ్వుతారు గానీ, గంట లెక్కన తెర చాటున కూర్చుని ఈమెయిలు తెరిచిన మన తరానికి ఇవి అప్పుడే పురావస్తువులైపోయాయి.

మాది పోచంపల్లి నుంచి వచ్చిన మగ్గాల కుటుంబం. నాన్నకు గడ్డిఅన్నారం పోయే దారిలో చీరల దుకాణం. పక్క షట్టర్లో ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపిన బాబాయి మాకు చుట్టమేమీ కాదు. తెనాలి వైపు నుంచి వచ్చి మా పక్క వాటాలో అద్దెకు దిగి, మా అమ్మ చేతి సకినాలు తిని తిని బాబాయి అయిపోయాడు. ఆ సెంటర్లో ఒక ఆచారం ఉండేది. ఒకరు లేచాక మరొకరు కూర్చునేలోపు ఆయన పసుపు గుడ్డ పట్టుకొచ్చి, ముందు కీబోర్డు తుడిచి, ఆ చేత్తోనే బ్రౌజర్లో అప్పటిదాకా చూసినవన్నీ చెరిపేసి, అప్పుడు గానీ కుర్చీ ఇచ్చేవాడు కాదు. ఎందుకంత శ్రమ అంటే, "ఒకళ్లు తిన్న కంచంలో ఇంకొకళ్లకి వడ్డిస్తామా అబ్బాయ్?" అనేవాడు.

వారానికో బంద్ నడుస్తుండటంతో నా డిగ్రీ రెండో ఏడాది చాలావరకు ఆ నెట్ సెంటర్లోనే గడిచింది. అప్పుడే మార్కెట్లోకి ఒక కొత్త బ్రౌజర్ వచ్చింది. ఊరికే నమ్మడం ఇష్టంలేక నేను శాస్త్రీయంగా పరీక్ష పెట్టాను. పరీక్షా ఫలితాల పేజీ పాతదాంట్లో తెరుచుకునేలోపు ఒక సమోసా పూర్తయ్యేది. కొత్తదాంట్లో సగం సమోసాకే వచ్చేసేది. కాని బాబాయి వచ్చి అన్నీ చెరిపాక చూస్తే ముప్పావు సమోసా పట్టింది. అంటే దాని వేగంలో సగం కాళ్లలో లేదు, జ్ఞాపకంలో ఉంది. ఎవరేం చూశారో గుర్తుంచుకుంటుంది గనుకే అంత తొందరగా తెచ్చిపెడుతోంది. ఈ సత్యం కనుక్కోవడానికి నాలుగు రోజులూ, ఎసిడిటీకి మందులూ ఖర్చయ్యాయి.

చెరపడం మానేద్దామంటే బాబాయి ససేమిరా అన్నాడు. ఆఖరికి ఒక బంద్ ముందురోజు హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లల వరస మిర్చి బండి దాకా సాగేసరికి, గత్యంతరం లేక, ఒక్క రెండో నంబరు కంప్యూటర్‌కు మాత్రం తుడుపు నుంచి మినహాయింపు ఇచ్చాడు. కీబోర్డు మాత్రం తుడుస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత నాకు తిండి సహించలేదు, కుతూహలం అలాంటిది. రెండో నంబరులో ఏ అక్షరం నొక్కినా దిల్‌సుఖ్‌నగర్ మనసులో మాట కింద వరసగా జారేది. జుట్టు రాలడానికి మందు, దుబాయ్‌లో డ్రైవర్ ఉద్యోగం, పెళ్లికి జాతకాల పొంతన. రోజుకొక అక్షరం చొప్పున నేను ఇంగ్లీషు అక్షరమాల తీరిగ్గా చదువుకుంటూ ఎం దాకా వచ్చాను. మధ్యలో ఒక అక్షరం దగ్గర నా క్లాసులో అమ్మాయి పేరు, నేను వెతికినదే, పదకొండుసార్లు వెతికినదే, ప్రత్యక్షమైంది. చెరిపేద్దామంటే చెరిపితే వేగం పోతుందని ఊరందరికీ ఉపన్యాసమిచ్చింది నేనే. కాబట్టి ఆ కంప్యూటర్ పక్కన కాపలా కూర్చున్నాను.

నాన్నకూ బాబాయికీ రోజూ సాయంత్రం షట్టర్ల మధ్య చాయ్ తాగుతూ వాదులాట. రాష్ట్రం ఒచ్చుడు పక్కా, నువ్వు మూట సర్దుకో తమ్మీ అని నాన్న. నేను పోతే మీ చీరలు ఎవరు కొంటారు అన్నగారూ అని బాబాయి. పక్కనున్న వాళ్లు నవ్వేవాళ్లు, వాళ్లిద్దరూ నవ్వేవాళ్లు. అందులో నవ్వులాట ఎంతో, భయమెంతో కొలిచే సమోసా నా దగ్గర లేదు.

ఒక బంద్ రోజు షట్టర్ సగం దించి మేం ముగ్గురమే లోపల ఉన్నాం. దుకాణం మూసేసిన నాన్న, విజయవాడ వ్యాపారికి చీరల ఫొటోలు పంపుదామని రెండో నంబరు ముందు కూర్చుని, అతని దుకాణం పేరు కోసం ఒంటి వేలితో విజయవాడ అని మొదలుపెట్టాడు. రెండక్షరాలు పడ్డాయో లేదో, కింద మిగిలింది అదే పూర్తి చేసింది. విజయవాడలో అద్దెకు షాపు. విజయవాడలో ఏడో తరగతికి మంచి స్కూలు. హైదరాబాద్ నుంచి విజయవాడకు సామాను లారీ.

అద్దె షాపూ, ఏడో తరగతి చదివే పిల్లా, రెండూ ఉన్నది ఆ వాడలో బాబాయికే.

నాన్న తెర మీద చివరి వరసను వేలితో చూపించాడు. "ఏంది తమ్మీ గిది? లారీ దాంక పోయినవ్?"

బాబాయి గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న కీబోర్డును మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. "నీ పెండ్లానికి ఎరుకేనా?" అని నాన్న అంటే అడ్డంగా తలూపాడు. తర్వాత ఏమనుకున్నాడో, నాన్న భుజం మీదుగా వంగి, రాసింది తీసేసి, ఇంగ్లీషులో టీ, ఈ అని రెండక్షరాలు నొక్కాడు. తెలంగాణ వస్తే ఆంధ్రోళ్లు పోవాల్నా. తెలంగాణ వస్తే ఆంధ్రోళ్ల దుకాణాలు ఉంటయా. అదే ప్రశ్న తిప్పి తిప్పి నాలుగు రకాలుగా.

"మొన్న మీరు లేచి వెళ్లాక చూశానండి," అన్నాడు బాబాయి. "ఆంధ్రోళ్లు అని రాసేది ఇక్కడ మీరొక్కరే."

"మరి నువ్వు జూసినప్పుడు నెట్‌ల ఏమున్నది?"

"ఒకడు పొమ్మన్నాడు, ఒకడు ఉండమన్నాడు."

"నెట్‌ను అడుగుడెందుకురా? పక్క షట్టర్ల నేను సచ్చిన్నా?"

"మీరూ నన్నడగొచ్చుగా అన్నగారూ. మీరూ నెట్‌నే అడిగారుగా."

ఇక్కడ కౌగిలింత ఉండాలి, నాకు తెలుసు. లేదు. నాన్న చాయ్ తెమ్మని నన్ను పంపాడు, బంద్ గనుక చాయ్ దొరకలేదు. నేను తిరిగొచ్చేసరికి రెండో నంబరులో మొత్తం చెరిపేసి ఉంది. నా పదకొండు వెతుకులాటలూ వాటితోనే గంగలో కలిశాయి. కుర్చీ బయట వేసుకుని, సగం దించిన షట్టర్ ముందు, మెడలో ఉద్యమం కండువాతో నాన్న కూర్చున్నాడు. ఎవడొస్తడో రానీ, నేను జూస్కుంట అన్నాడు. ఆ తర్వాత ప్రతి బంద్‌కూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఒకసారి మాత్రం ఒకాయన గబగబా వస్తుంటే నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన జిరాక్స్ తీస్తారా అని అడిగాడు.

లారీ రాలేదు. బాబాయి ఎటూ పోలేదు. రాష్ట్రం వచ్చాక కూడా నెట్ సెంటర్ నడిచింది. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక మూతపడింది. ఆ షట్టర్లో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బాబాయి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మంగళవారాల్లో నాన్నా ఆయనా కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో కలుసుకుని, కొత్త విషయాలేవీ దొరక్క మోకాళ్ల నొప్పుల మీద వాదించుకుంటారు.

ఇప్పుడు నా ఫోన్‌కు నేను ఏ చీర చూశానో, ఏ రోగానికి భయపడ్డానో అంతా తెలుసు. అవన్నీ ఎక్కడో ఎవరికో చేరవేస్తుందట, వాళ్లెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకు పట్టదు. అప్పట్లో మన గుట్టు రట్టయితే పక్క షట్టర్ దాకా పోయేది, అక్కడొక మనిషి ఉండేవాడు. అతడు కుర్చీ వేసుకుని వచ్చి కూర్చునేవాడు. ఇంత ఆలోచించి, గుట్టు దాచేదే మేలని తీర్మానించుకుని, నిన్న ఆ కొత్త బ్రౌజర్ కోసం గట్టిగా బొత్తాం నొక్కాను.

ఫోన్‌లో ఖాళీ చాల్లేదు. ఇన్‌స్టాల్ కాలేదు.