వరండాలో నేను చెప్పని మాట

నా చిన్నప్పుడు అనలేను, అప్పటికే నాకు ముప్పై దాటాయి. కానీ ఆ రోజు వరండాలో నోరు విప్పకుండా నిలబడ్డ నన్ను తలుచుకుంటే చిన్నపిల్లాడే గుర్తొస్తాడు. ఆసుపత్రికి ఫోన్ చేసింది నేను. నింద మోసింది మా సారు.

ఢిల్లీలో మా ఎంపీగారి దగ్గర నేను పీఏని. వైద్యానికి నియోజకవర్గం నుంచి వచ్చినవాళ్లకు ఆయన బంగళా వెనకగదులు ఇచ్చేవారు. తెల్లవారకముందే తన కారులో వాళ్లను ఆసుపత్రి క్యూ దగ్గర దింపించేవారు. సిఫార్సు ఫోన్ మాత్రం చేసేవారు కాదు. "మనం ఒకర్ని ముందుకు తోస్తే వెనక్కి పోయేదెవరో మనకు కనపడరయ్యా" అనేవారు.

మా అమ్మ గుండె ఆపరేషన్‌కు నాలుగు నెలల తర్వాత తేదీ ఇచ్చారు. అంతవరకూ ఆగవచ్చో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు. సారు సభలో ఉన్న ఒక మధ్యాహ్నం, ఆయన పేరు చెప్పి ఆసుపత్రికి ఫోన్ చేశాను. మరుసటి వారమే అమ్మకు ఆపరేషన్ అయింది. ఆ రోజు జరగాల్సిన ఇంకొకావిడది వాయిదా పడింది. ఆవిడ ఉంటున్నది మా వెనకగదిలోనే.

ఆవిడ భర్త బంగళా వరండాలో అందరి ముందూ అరిచాడు. "మాకేమో క్యూ, మీ పీఏ వాళ్లమ్మకేమో ఫోనా? ఇదేనా సారూ మీ నీతి?"

సారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"తప్పు నాదే" అన్నారాయన.

ఆ భార్యాభర్తలు అప్పటికప్పుడే సామాను సర్దుకుని వేరేచోటికి వెళ్లిపోయారు. తర్వాత సారు నన్ను అడిగింది ఒక్కటే: "అమ్మ అన్నం తింటోందా?"

ఆయన నన్ను కాపాడారో, శిక్షించారో ఇప్పటికీ తేల్చుకోలేను. అమ్మ మరో పదేళ్లు బతికింది. ఆ పదేళ్లకు బాధపడాలా అంటే అదీ తెలియదు.

మొన్న ఢిల్లీ మయూర్ విహార్‌లో కూతురింట్లో ఉంటున్న సారు దగ్గరికి వెళ్లాను. తలుపు తీసిన మనవరాలు "నానూ, కోయీ అంకుల్ ఆయే హైఁ" అంటూ, ఎవరో అంకుల్ వచ్చారని తాతకు హిందీలో కేకేసింది. ఆయన పక్కన కూర్చుని క్షమించమన్నాను.

"నాకు తెలిసిందే నాకెందుకు చెప్తావయ్యా?" అంటూ సెల్‌లో నంబరు వెతికారు. ఆ రోజు అరిచిన ఆవిడ భర్తతో ఇప్పటికీ మాట్లాడుతుంటారట. ఎవరి కోసమూ ఆసుపత్రికి ఫోన్ చేయని మనిషి నా కోసం ఫోన్ కలిపి, అది మోగుతుండగానే నా చేతిలో పెట్టారు.

అటునుంచి పలికింది భర్త కాదు, ఆవిడే.

"అమ్మా, నేను సారు దగ్గర పీఏగా ఉన్నవాణ్ని. ఆ రోజు ఆసుపత్రికి ఫోన్ చేసింది నేను. సారు చేయించింది కాదు. మీ వంతు నేను లాక్కున్నాను. క్షమించండి."