ముత్లా గుట్టల్లో ఇరుక్కున్న శుక్రవారం

ఆ రోజుల్లో మా ఊరివాళ్ళు "మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కువైట్‌లోనే అంట, అదృష్టమంటే వాళ్ళది" అనుకునేవారు. ఆ అదృష్టం ఎంతో మాకే తెలుసు. నేను రిగ్గైలో ఆరుగురితో ఒక గదిలో ఉంటూ కంపెనీ వ్యాను తోలేవాణ్ణి. మా ఆవిడ ఎగైలాలో ఒక కువైటీల ఇంట్లో వంట చేస్తూ అక్కడే ఉండేది. పెళ్ళయి రెండేళ్ళయినా మా కాపురం చాలావరకు ఫోనులోనే నడిచింది (అదీ మధ్యమధ్యలో సిగ్నల్ పోతూ). ఆ ఇంటి యజమానురాలు, మా ఆవిడ 'మామా' అని పిలిచే ఆవిడ, నెలకో శుక్రవారం సెలవిచ్చేది. షరతొకటే. సూర్యాస్తమయం వేళ మగ్రిబ్ బాంగు వినపడేసరికి గేటు లోపలుండాలి. ఒక్కసారి తప్పిందా, సెలవులు ఖలాస్. అంతకుముందు పనిచేసినామెకి అలాగే అయిందట.

ఆ ఒక్క రోజూ సాల్మియా మాల్స్‌లో కొట్ల అద్దాలు చూస్తూ తిరిగేవాళ్ళం. ఓ చలికాలంలో మా ఆవిడకి విసుగొచ్చింది. "ఎప్పుడూ ఈ కొట్లేనాండీ? ఈ దేశంలో చూసేది ఇంకేం లేదా?" అంది. నా గదిలో ఉండే కడపాయన్ని అడిగితే, "ముత్లా దిక్కు పోన్నా. గుట్టలుండాయి, లోయలుండాయి. వాన నీళ్ళు కోసిన గండ్లు సూడాల! నా కారు తీస్కపో. రోడ్డు మాత్రం దిగొద్దు" అని తాళాలు చేతిలో పెట్టాడు. ఆ చివరి ముక్క తప్ప అన్నీ బుర్రకెక్కించుకున్నాను.

కోనసీమ వాళ్ళం కదా, మాకు కొబ్బరిచెట్టుకి మించిన ఎత్తు తెలియదు. గుట్ట అంచున నిలబడితే కింద లోయలు, వాటికవతల మెరిసే సముద్రం. మట్టిగోడల్లో పొరలు పొరలుగా రంగులు. మా ఆవిడ నోరు తెరుచుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఎండిపోయిన ఆ గండ్లు చూపించి, "కాలవలు కట్టేశారా ఏంటండీ?" అంది. (మా వైపు వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేస్తారు లెండి.) తెచ్చుకున్న పులిహోర తిన్నాం. లోయలోకి పేర్లు పెట్టి పిలుచుకున్నాం. అంత సంతోషంగా ఆమెని నేనప్పటివరకు చూడలేదు. ఆ సంతోషంలో నాకు పొగరెక్కింది. దగ్గరికెళ్తే ఫొటో ఇంకా బాగొస్తుందని కారు రోడ్డు దింపాను.

"వద్దేమోనండీ" అంది మా ఆవిడ.

"ఊరుకోవే! కోనసీమ బురదలో లారీలు తోలినోణ్ణి. ఇసకెంత?" అన్నాను.

వంద గజాలు కూడా వెళ్ళలేదు, చక్రాలు దిగబడ్డాయి. బురదలో చేసినట్టే గేరు వేసి రయ్యిమని లాగాను. ఇంకాస్త దిగింది. మళ్ళీ లాగాను. కారు గుడ్లు పొదిగే కోడిలా కూర్చుండిపోయింది. మా ఆవిడ వెనక నుంచి నెడుతోంది, చక్రాలు చిమ్మే ఇసకంతా ఆమె మీదే. పులిహోర డబ్బా మూతతో తవ్వాను, కారులో కాళ్ళకింద వేసే పట్టాలు తీసి చక్రాల ముందు పరిచాను. మధ్యాహ్నపు అసర్ బాంగు వినిపించింది. మగ్రిబ్‌కి ఇక రెండు గంటలకి మించి లేదు, ఎగైలా గంటకి పైగా ప్రయాణం. "సెలవు పోతుందండీ" అని ఆమె ఒక్క మాటే అంది.

అప్పుడు దగ్గర్లో గుడారం వేసుకున్న ఒక కువైటీ పెద్దాయన జీపులో వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, నాలుక చప్పరించాడు, గొంతుక్కూర్చుని టైరులో గాలి తీసేయడం మొదలుపెట్టాడు. మనదగ్గర, పెట్టకూడని చోట బండి పెడితే పోలీసులు చేసే పని అదే కదా! ఇది తిరగకూడని చోటనీ, మాకు శిక్ష వేస్తున్నాడనీ అనుకుని మోకాళ్ళ మీద పడ్డాను. "బాబా, మాఫీ! ఫ్యామిలీ! డ్యూటీ!" అని నాకొచ్చిన అరబ్బీ అంతా ఒలకబోస్తూ సివిల్ ఐడీ కార్డు తీసి చేతికిచ్చాను. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను, దాచడమెందుకు. ఆయన కార్డు చూసి, నన్ను చూసి, కార్డు నా జేబులోనే పెట్టి రెండో టైరు దగ్గరికెళ్ళాడు.

"లేవండీ బాబూ, పరువు తీస్తున్నారు" అంది మా ఆవిడ. "గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని ఇసక మీద తేలుతుందండి. మా మామా కొడుకులు చలికాలం క్యాంపుకెళ్తే నేనూ వంటకెళ్తాను కదా, చూశాను."

"మరి ముందే చెప్పి చావొచ్చుగా!"

"మీరు డ్రైవరు కదండీ."

కారు మొదటి లాగుకే బయటికొచ్చింది. మళ్ళీ గాలి కొట్టే పంపు కూడా ఆయన జీపులోనే ఉంది. కానీ ఒక్కో టైరు నిండేలోగా ఒక్కో గ్లాసు చాయ్ తాగాల్సిందేనన్నాడు. సూర్యుడు దిగిపోతున్నాడు, ఈయన చక్కెర కలుపుతున్నాడు. నా జన్మలో అంత వేడి చాయ్ అంత తొందరగా తాగలేదు.

మేము మామా వాళ్ళ వీధి మలుపు తిరుగుతుండగానే బాంగు అయిపోయింది. గేటు దగ్గర మామా నిలబడి ఉంది. "పంచరైందని చెప్పు" అని గొణిగాను. మా ఆవిడ నా మాట వినలేదు. తలలో ఇసక దులుపుకుంటూ, "ముత్లా వెళ్ళాం మామా. కారు ఇసకలో దిగిపోయింది" అని అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. మామా నన్ను ఎగాదిగా చూసింది. మీ ఆయన టైర్లలో గాలి తీశాడా అని అడిగింది. "లా మామా, లేదు, ఏడ్చాడు" అంది మా ఆవిడ.

మామా గేటు పట్టుకుని నవ్వింది. కొడుకులు ముగ్గుర్నీ పిలిచి మా ఆవిడతో మళ్ళీ చెప్పించింది. వాళ్ళు ముగ్గురూ వరసగా నిలబడి నాకు టైర్ల గురించి పాఠం చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. ఆఖరికి మామా, "వచ్చే నెల పెందలాడే బయల్దేరండి, యల్లా, ఇక పద" అని మా ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళింది. సెలవు దక్కింది.

ఇప్పుడు మా ఆవిడకి పిల్లల నర్సరీలో పని, రిగ్గైలో మాకో చిన్న ఫ్లాటు. శుక్రవారాలన్నీ మావే, అడిగేవాళ్ళు లేరు. "ముత్లా వెళ్దామా?" అంటే "వచ్చే వారం చూద్దాం లెండి" అంటుంది. నేనూ సరేనని అటు తిరిగి పడుకుంటాను. ఒక్కోసారి ఏ మధ్యాహ్నమో లేచాక అప్పటి ఆ వెర్రి డ్రైవరు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పాపం, వాడికి నెలకి ఒక్క రోజే ఉండేది. కానీ ఆ రోజు తెల్లారకముందే లేచి, తల దువ్వుకుని, చెప్పులేసుకుని కూర్చునేవాడు.