మూట కింద ఎర్రదీపం

నేను రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు, అక్టోబరు మొదటి వారంలో, నన్ను కర్ణాటకలోని బాగేపల్లి నుంచి చింతామణి సబ్‌డివిజన్‌లోని ఒక పల్లెటూరి ఠాణాకు ఏఎస్సైగా బదిలీ చేశారు. ఏఎస్సై అంటే హెడ్‌ కానిస్టేబులుకు పైన, ఎస్సైకి కింద. పని ఇద్దరిదీ ఉంటుంది, పేరు మాత్రం రాదు. చేరిన మూడో రోజే ఎస్సై పిలిచి, దిబ్బూరహళ్ళి రోడ్డులో సైకిళ్ళ సంగతి చూసుకోమన్నారు. అంతకు ముందు నెలలోనే ఆ రోడ్డు మీద ఒక వ్యాను వెనకనుంచి వచ్చి సైకిలు మీద పోతున్న మనిషిని గుద్దింది. ప్రాణం దక్కింది, కాలు పోయింది. ఆ సైకిలుకు వెనక దీపం లేదు.

చీకటి పడ్డాక సైకిలుకు ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం వెలగాలి. మేము పట్టుబట్టిన నియమం ఇంతే. కానీ ఈ రెండు దీపాల దగ్గరే బోలెడు తంటా. డైనమో దీపం చక్రం తిరిగితేనే వెలుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మసకబారుతుంది, ఆగితే ఆరిపోతుంది. అందుకని బ్యాటరీ దీపాలే కొనమన్నాను. ముందు దీపం కొంచెం కిందికి వంగి నేల మీద పడాలి, ఎదుటివాడి కళ్ళలో పడకూడదు. వెనకది నిలకడగా వెలిగితే సైకిలు ఎంత దూరంలో ఉందో డ్రైవరుకు అంచనా దొరుకుతుంది. రిఫ్లెక్టరు చాలదా అని అడిగినవాళ్ళకు, అది తనంతట తాను వెలగదని, బండి లైటు పడితేనే మెరుస్తుందని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. నీలం, పచ్చ రంగుల్లో గంతులేసే దీపాలు తగిలించుకొచ్చిన మహానుభావులూ ఉన్నారు. జాతర అనుకున్నారేమో! అన్నీ పీకించాను.

ఊరూరా పాలడెయిరీ ముందు మధ్యాహ్నం సైకిళ్ళు నిలబెట్టించి తనిఖీ చేశాను. అరచేయి అడ్డం పెట్టి దీపం వెలుగుతోందో లేదో చూడటం, బిగింపు కదిపి చూడటం, పుస్తకంలో పేరు రాసుకోవడం, పాసయినట్టు మడ్‌గార్డు మీద తెల్లపెయింటుతో గీత గీయడం. వెనక దీపం క్యారియరు చివరనే ఉండాలని నేనే నిర్ణయించాను. అంతకంటే మంచి చోటు లేదనుకున్నాను.

అవి పట్టుపురుగులు పెంచే ఊళ్ళు. పురుగు పొర విడిచే ముందు మేత మాని నిద్రపోతుంది. దాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు పురుగులకు ఆకు ఎంత వేసినా చాలదు. ఎండలో కోస్తే ఆకు వాడిపోతుంది కాబట్టి పొద్దు వాలాక మల్బరీ కోసి, మూటకట్టి, సైకిలు మీద వేసుకొని చీకట్లో ఇల్లు చేరతారు. వెనక బండి చప్పుడు వినిపిస్తే సైకిలు దిగి మట్టిలోకి తప్పుకోవడం వాళ్ళ అలవాటు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. రోడ్డు మీద హక్కు ఉన్న మనిషి గుంటలోకి దిగడమేమిటి?

తనిఖీ రోజు నారాయణమ్మ అనే రైతు నన్ను సూటిగా అడిగింది. "అయితే దీపం ఉంటే దిగే పనే లేదా సార్?"

"లేదమ్మా. ఎడమపక్క అంచు పట్టుకొని నేరుగా పో. వెనకొచ్చేవాడే చూసుకుంటాడు" అన్నాను. పక్కన ఆమె భర్త ఆంజనప్ప తన సైకిలు వెనక్కి వంగి దీపం చూసుకుంటున్నాడు. ఇద్దరి సైకిళ్ళకూ గీత గీశాను.

నవంబరులో జిల్లా కేంద్రం చిక్కబళ్ళాపురలో నెలవారీ మీటింగుకు పోయి, మా పరిధిలో దీపం లేని సైకిలే లేదని పెద్దల ముందు కాలరు ఎగరేసి వచ్చాను. తిరుగు దారిలోనే ఏడు దాటింది. జీపు నడుపుతున్నది కానిస్టేబులు మునిరాజు. దిబ్బూరహళ్ళి దాటాక ఎదురుగా టమాటా లారీ ఫుల్‌ లైటు వేసుకొని వచ్చింది. అది దాటిపోయిన మరుక్షణం మా కళ్ళకు అంతా నలుపే. ఎర్రదీపం ఏదీ కనిపించలేదు కాబట్టి ముందు ఎవరూ లేరనుకున్నాను. అంతలో మునిరాజు అరిచి బ్రేకు మీద నిలబడ్డాడు. జీపు కీచుమంటూ జారి, బంపరు ఒక మూటకు మెత్తగా తగిలి ఆగింది.

దిగి చూస్తే నారాయణమ్మ. సైకిలు హ్యాండిలు రెండు చేతులా బిగించి పట్టుకొని నిలబడి ఉంది. దీపమేదమ్మా అని గద్దించాను. ఆమె మూట వైపు చూపించింది. ఆకు వాడకుండా మూట మీద తడి గోనెపట్టా కప్పింది. అది వెనక వేలాడి క్యారియరును మొత్తం మూసేసింది. పట్టా ఎత్తాను. దాని కింద నా ఎర్రదీపం చక్కగా, నిలకడగా వెలుగుతోంది.

నేను సైకిళ్ళన్నీ ఖాళీగా చూశాను. వాళ్ళు ఖాళీగా తొక్కేది ఎప్పుడు?

"మీరే కదప్పా దిగొద్దంటిరి" అంది నారాయణమ్మ. "చప్పుడు ఇనపడింది. అయినా దిగలేదు."

ఆమె ఉన్నట్టుండి మేము వచ్చిన దారి వైపు తిరిగి చూసింది. "మా ఇంటాయన నా వెనకాలే వస్తాండాడు. నాకంటే పెద్ద మూట. మీరొచ్చిన దోవే కదా, యాడా కనపడలేదా సార్?"

మాకు ఎవరూ కనపడలేదు. నేనూ మునిరాజూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ దారిలోనే మమ్మల్ని రెండు కార్లు, ఒక లారీ దాటి పోయాయి. గుద్ది ఆగకుండా పోయినవాడు ఉన్నా మాకు తెలిసేది కాదు. జీపు మీది లైటు వేసి రోడ్డు పక్కన పెట్టించి, మునిరాజును వెనకొచ్చే బండ్లను ఆపమని చెప్పి, నేను టార్చి తీసుకొని వెనక్కి పరిగెత్తాను. నారాయణమ్మ నాకంటే ముందు పరిగెత్తింది. భర్తను పేరు పెట్టి పిలవని మనిషి, "ఆంజనప్పా, ఓ ఆంజనప్పా" అని గొంతు చించుకుంది.

మలుపు దగ్గర రోడ్డు మీద పచ్చి ఆకు చెల్లాచెదురుగా పడి ఉంది. దాని మీద టైరు నలిపిన గుర్తు. ఆమె అక్కడే కూలబడింది. ఎన్నో ప్రమాదాలకు పంచనామా రాసినవాణ్ణి, ఆ ఆకు మీద టార్చి నిలపలేకపోయాను. ఆంజనప్ప పేరు పాసయినట్టు నా పుస్తకంలో నా చేతిరాతతో ఉంది.

"ఎవురది?" అని గుంటలోనుంచి గొంతు వచ్చింది.

ఆంజనప్ప మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, పడిపోయిన సైకిలును ఎత్తే పనిలో ఉన్నాడు. మా జీపు చప్పుడు విని దిగి తప్పుకున్నాడట. తొందరలో కాలు జారి సైకిలు బోల్తాపడి, సగం ఆకు రోడ్డు పాలయింది. దాని మీదుగా పోయిన టైరు మాదే. నారాయణమ్మ ముందు అతని చేతులు, తల తడిమి చూసింది, తర్వాత ఇష్టం వచ్చినట్టు తిట్టింది. నేను రోడ్డు అంచున కూర్చుండిపోయాను.

నేను దిగనక్కర్లేదన్నాను కదా, ఎందుకు దిగావని అడిగాను. నా మాట కాదన్నందుకు కోప్పడతాననుకున్నాడో ఏమో, మెల్లగా చెప్పాడు. "దీపం ఉండాది సార్, లేదన్లేదు. కానీ అది నా వీపు వెనకాల ఉండాది. వెలుగుతాండాదో ఆరిపోయిండాదో నాకెట్ల తెలుస్తాది? వచ్చేవాడికి కనపడిందని వాడొచ్చి నాతో చెప్పడు గదా. అందుకే దిగితి."

ఆ రాత్రే స్టేషన్‌ డైరీలో నా తనిఖీ పద్ధతి తప్పని రాశాను. జిల్లా మీటింగులో నేనిచ్చిన రిపోర్టును వెనక్కి తీసుకోమని ఎస్సైకి చెప్పి, పడాల్సిన మాటలు పడ్డాను. మరుసటి సాయంత్రం నుంచి పొద్దుగూకాక, మూటతో, పట్టాతో సైకిళ్ళను రోడ్డు మీదికే రమ్మన్నాను. నేను జీపులో డ్రైవరు సీట్లో కూర్చుని దూరం నుంచి చూశాను. మూట కట్టడం పూర్తయ్యాక పట్టా పైన, చివరి తాడుకు దీపం కట్టాలని అక్కడే తేలింది. దీపం ఉన్నా బండి చప్పుడు వింటే పక్కకు తప్పుకోండి, మొదట నేను చెప్పింది తప్పు అని ఊరూరా చెప్పాను. యూనిఫాంలో ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

పోలీసు ఒక వస్తువును పాస్‌ చేస్తే జనం దాని మీద ప్రాణం పెట్టి నడుస్తారు. అందుకే దాన్ని వాళ్ళు వాడే వేళ, వాడే చోట, వాడే బరువుతో చూసి తీరాలి. నేను చూడలేదు. నారాయణమ్మ నా మాట నమ్మి జీపు కింద పడబోయింది. ఆంజనప్ప నమ్మలేదు కాబట్టి ప్రాణాలతో బురదలో నిలబడ్డాడు.