దొర కుర్చీ

గోపాల్‌పేట సంఘపెద్ద ఏసోబు ఆదివారం తెల్లారగానే ప్రార్థన గుడి తలుపు తీసి, మొదట దొర కుర్చీ తుడిచేవాడు. భుజం మీది తువ్వాలుతో వీపు, చేతులు, చివరికి కాళ్ళ సందులు కూడా. ఆ మిషను దొర ఓడెక్కి వెళ్ళిపోయి మూడేళ్ళయింది. పోతూ పోతూ, ఇక మీ సంఘాన్ని మీరే నడుపుకోండి అన్నాడు. నాటినుంచి ఏసోబుది ఒకటే ప్రార్థన: మాలోంచి వాక్యం చెప్పే ఒక అయ్యగారు లేవాలి. మోకాళ్ళు కాయలు కాశాయి. చివరికి సొంత చెల్లెలు రూతమ్మ కొడుకు సామేలే బైబిలు చదువు ముగించి అయ్యగారై వచ్చాడు.

మొదటి ఆదివారం సామేలు కుర్చీ వైపు నడవగానే ఏసోబు అడ్డంపోయి చాప పరిచాడు. "గా కుర్చీల కూసుంటవా అల్లుడా? అది దొరది. నువ్వు మనోనివి, గీడ కూసో." రూతమ్మ ఉండబట్టలేక, "దొర మల్ల రాడు గద అన్నా" అంది. "రాకపోతే? మనం కూసునేదా అది?" అన్నాడు ఏసోబు. సామేలు చాప మీద కూర్చునే వాక్యం చెప్పాడు. లేస్తూ ఆసరాకు కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. ఊళ్ళో ఏసోబు చెయ్యి తగిలితే పటేలు ఇంటివాళ్ళు తమ అరుగును నీళ్ళు చల్లి కడుగుతారు. సామేలు చెయ్యి తగిలిన చోటును ఏసోబు తువ్వాలుతో రెండుసార్లు తుడిచాడు.